స్వింగ్‌కు మరమ్మతా, పునర్నిర్మాణమా? గోల్ఫ్ పాఠాలపై వందేళ్ల వాదం

గోల్ఫ్‌లో బంతి కదలదు. ఎదురుగా బౌలర్ ఉండడు, వల అవతల ప్రత్యర్థి ఉండడు. ఎప్పుడు కొట్టాలన్నది పూర్తిగా ఆడేవాడి ఇష్టం. అయినా ఏళ్ల తరబడి ఆడినవాళ్లకు కూడా ఉన్నట్టుండి స్వింగ్ పట్టు తప్పుతుంది. డ్రైవర్‌తో కొట్టిన ప్రతి బంతీ కుడికి వంగి చెట్లలో పడుతుంది. ఐరన్ తీస్తే క్లబ్ బంతికన్నా ముందే నేలను తవ్వుతుంది. వీడియోలు చూసి చేసుకున్న సవరణలు రెండు రోజులు పనిచేసి మూడో రోజు ఎదురుతిరుగుతాయి. అప్పుడు కోచ్ దగ్గరికి వెళ్లాలా వద్దా అన్న ఆలోచన వస్తుంది. వెళ్లాక స్వింగ్‌ను మొత్తం విప్పి మళ్లీ కడదామని ఆయన అంటే ఒప్పుకోవాలా అన్నది ఇంకో సందేహం.

ఈ విషయం మీద కోచ్‌లు, ఆటగాళ్లు, భౌతిక శాస్త్రజ్ఞులు, మనస్తత్వ పరిశోధకులు వందేళ్లుగా వాదించుకుంటున్నారు. మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడంతో వాదం చిక్కుపడింది. సరైన స్వింగ్ అంటూ ఒకటి ఉందా? ఉన్న స్వింగ్‌ను ఎంతవరకు మార్చాలి? ఆ మార్పును ఎలా నేర్పాలి? మొదటి ప్రశ్న మీద పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. రెండోది ప్రసిద్ధ ఆటగాళ్ల కథల రూపంలో నలిగింది. మూడోదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పాఠం ఫలించిందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఆ మూడోదాని దగ్గరే తేలుతుంది.

వాదం పెరిగిన తీరు

గోల్ఫ్ నేర్పడం ఒక వృత్తిగా స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే. బ్రిటన్‌లో వృత్తి ఆటగాళ్ల సంఘం పీజీఏ 1901లో, అమెరికాలో పీజీఏ ఆఫ్ అమెరికా 1916లో ఏర్పడ్డాయి. అప్పటి క్లబ్ ప్రొఫెషనల్ కర్రలు తయారుచేసేవాడు, దుకాణం నడిపేవాడు, సభ్యులకు పాఠాలూ చెప్పేవాడు. పాఠమంటే ఎక్కువగా తన స్వింగ్‌ను చూపించి అనుకరించమనడమే.

ఈ పద్ధతిని గట్టిగా ప్రశ్నించినవాళ్లలో ఎర్నెస్ట్ జోన్స్ ఒకరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన కుడికాలు మోకాలి కింద పోయింది. ఒంటికాలి మీద నిలబడి ఆడినా మంచి స్కోర్లు రావడం చూసి, శరీర భాగాల కదలికలను విడివిడిగా నేర్పడం దండగ అనే నిశ్చయానికి వచ్చారు. క్లబ్ తల ఊగడాన్ని చేతులతో గ్రహిస్తే ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుందన్నది ఆయన సిద్ధాంతం. తర్వాత అమెరికాలో దశాబ్దాల పాటు ఇదే బోధించారు.

1957లో బెన్ హోగన్ ‘ఫైవ్ లెసన్స్’ వెలువడటంతో గాలి ఎదురు దిశకు మళ్లింది. గ్రిప్, నిలబడే తీరు, నడుము తిరగడం, స్వింగ్ తలం అంటూ కదలికను భాగాలుగా విడదీసి బొమ్మలతో వివరించిన పుస్తకమది. 1969లో హోమర్ కెల్లీ ‘ది గోల్ఫింగ్ మెషిన్’ మరో అడుగు ముందుకు వేసి స్వింగ్‌ను 24 అంగాల యంత్రంగా వర్ణించింది. అంతకు ఏడాది ముందు, 1968లో, అలస్టైర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ ‘సెర్చ్ ఫర్ ది పర్ఫెక్ట్ స్వింగ్’ పేరుతో బ్రిటన్‌లో జరిగిన శాస్త్రీయ పరీక్షల ఫలితాలను ప్రచురించారు. బంతికీ క్లబ్‌కూ మధ్య స్పర్శ సుమారు అర మిల్లీసెకను మాత్రమేనని సామాన్య పాఠకులకు తెలిసింది అలాంటి పుస్తకాల ద్వారానే.

ఆ తర్వాత వీడియో కెమెరా వచ్చింది. 2003లో డెన్మార్క్‌లో పుట్టిన ట్రాక్‌మ్యాన్ సంస్థ రాడార్ యంత్రాన్ని డ్రైవింగ్ రేంజ్‌లోకి తెచ్చింది. ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరి చేతిలోనూ కెమెరా ఉంది. పాఠం చెప్పేవాళ్లు, చెప్పే మాటలు, చూపే అంకెలు అన్నీ పెరిగాయి. గందరగోళం కూడా వాటితో పాటే పెరిగింది.

నాలుగు బాటలు

*నమూనా బాట.* మేటి ఆటగాళ్ల స్వింగుల్లో ఉమ్మడి లక్షణాలను ఏరి, ఒక ఆదర్శ రూపాన్ని తయారుచేసి, శిష్యుడిని దానికి దగ్గరగా తీసుకురావాలన్నది ఈ బాట. హోగన్ పుస్తకం దీనికి మూలస్తంభం. డేవిడ్ లెడ్‌బెటర్ దీనికి ఆధునిక ప్రతినిధి. 2007 ప్రాంతంలో ‘స్టాక్ అండ్ టిల్ట్’ పేరుతో మైక్ బెనెట్, ఆండీ ప్లమర్ ప్రచారం చేసిన పద్ధతి కూడా ఈ కోవలోదే. కాకపోతే బరువును వెనక కాలికి మళ్లించకుండా ముందు కాలి మీదే నిలపమంటుంది. దీని బలం స్పష్టత. ఎక్కడికి పోతున్నామో శిష్యుడికి తెలుస్తుంది. బలహీనత కూడా అందులోనే ఉంది. ఇరవై ఏళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చుని బిగిసిపోయిన నడుము హోగన్ నడుములా తిరగదు.

*బంతిని చదివే బాట.* ఇంగ్లండ్‌కు చెందిన జాన్ జాకబ్స్ 1972లో ‘ప్రాక్టికల్ గోల్ఫ్’లో వివరించిన దారి ఇది. స్వింగ్ అందం ముఖ్యం కాదు. బంతి ఎటు బయల్దేరింది, ఎటు వంగింది, ఎంత ఎత్తు లేచింది అన్నవి చూసి, క్లబ్ బంతిని ఎలా తాకిందో ఊహించి, ఆ తాకిడిని బాగుచేయాలి. ఎక్కువసార్లు మందు గ్రిప్ దగ్గరో, నిలబడే దిశ దగ్గరో దొరుకుతుంది. స్లైస్‌తో, అంటే బంతి కుడికి వంగే దోషంతో వచ్చిన ఆటగాడి ఎడమచేతిని కర్ర మీద కొద్దిగా కుడికి తిప్పి పట్టుకోమంటే, వేళ్ల కణుపులు ఒకటి కాకుండా రెండు మూడు కనిపిస్తాయి. అంత చిన్న మార్పుకే క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) మూసుకుని బంతి వంపు తగ్గడం మామూలే.

*స్పృహ బాట.* జోన్స్ మొదలుపెట్టిన ఆలోచనను టిమ్ గాల్వే మరో రూపంలో ముందుకు తెచ్చారు. 1974లో టెన్నిస్ మీద, తర్వాత గోల్ఫ్ మీద రాసిన ‘ఇన్నర్ గేమ్’ పుస్తకాల్లో, మనసులో నిరంతరం ఆదేశాలిచ్చే గొంతే ఆటను చెడగొడుతుందని వాదించారు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో జీవితమంతా పాఠాలు చెప్పిన హార్వీ పెనిక్‌ను పూర్తిగా ఈ బాటలో చేర్చలేం గానీ, తక్కువ మాటలతో నేర్పడంలో ఆయనది ఇదే స్వభావం. ఆయన దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకున్న టామ్ కైట్, బెన్ క్రెన్‌షాల స్వింగులకు ఒకదానితో ఒకటి పోలిక లేదు. ఇద్దరూ మేజర్ టోర్నీల విజేతలే.

*కొలతల బాట.* రాడార్, హైస్పీడ్ కెమెరా, పాదాల ఒత్తిడిని కొలిచే పలకలు ఈ బాట పనిముట్లు. దీని అతిపెద్ద విజయం ఒక పాత నమ్మకాన్ని కూలదోయడం. బంతి క్లబ్ కదిలిన దారిలో బయల్దేరి, క్లబ్ ఫేస్ చూసే వైపు వంగుతుందని కోచ్‌లు తరతరాలుగా చెబుతూ వచ్చారు. బంతి బయల్దేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది క్లబ్ ఫేసేనని కాక్రన్, స్టాబ్స్ 1968లోనే చెప్పినా, రేంజ్‌లో ఆ మాట నిలబడింది రాడార్ వచ్చాకే.

పాఠం మీద దీని ప్రభావం చిన్నది కాదు. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి సూటిగా బయల్దేరి కుడికి వంగిందనుకుందాం. పాత సూత్రం ప్రకారం క్లబ్ సరైన దారిలోనే వచ్చింది, ఫేస్ మాత్రం తెరుచుకుంది. కాబట్టి ఫేస్ మూయమని సలహా. కొత్త లెక్క ప్రకారం బంతి సూటిగా బయల్దేరిందంటే ఫేస్ దాదాపు లక్ష్యం వైపే ఉంది, క్లబ్ దారే ఎడమకు అడ్డంగా కోసుకుపోయింది. ఇప్పుడు ఫేస్ మాత్రమే మూస్తే బంతి ఎడమకు బయల్దేరుతుంది. అసలు తప్పు అలాగే ఉండిపోతుంది.

నాలుగూ పక్కపక్కన

- నమూనా బాట స్వింగ్ రూపాన్ని చూస్తుంది. మార్పు పెద్దది, సమయం నెలలు. చిన్న వయసు, తీరిక, ఒళ్లు వంగే గుణం ఉన్నవాళ్లకు అనుకూలం.
- బంతిని చదివే బాట తాకిడిని చూస్తుంది. మార్పు చిన్నది, ఫలితం త్వరగా కనిపిస్తుంది. వారాంతపు ఆటగాళ్లకు నప్పుతుంది. మూలలోపం పెద్దదైతే మందు చాలదు.
- స్పృహ బాట ధ్యాసను చూస్తుంది. స్వింగ్‌లో కొత్తగా చేర్చేది తక్కువ, తీసేసేది ఎక్కువ. సలహాలు ఎక్కువై బిగుసుకుపోయినవాళ్లకు ఉపకరిస్తుంది. గ్రిప్పే తప్పయినప్పుడు దీని వల్ల ఒరిగేది లేదు.
- కొలతల బాట రోగనిర్ధారణలో మిగతా మూడింటినీ మించింది. ఏ అంకెను వదిలేయాలో చెప్పే మనిషి పక్కన లేకపోతే అంకెలే భారమవుతాయి.

మొత్తం కట్టాలా, కొంత దిద్దాలా

పునర్నిర్మాణానికి అందరూ చూపించే ఉదాహరణ నిక్ ఫాల్డో. 1983లో యూరోపియన్ టూర్ సంపాదన పట్టికలో అగ్రస్థానంలో ఉన్న ఆటగాడు, ఒత్తిడిలో తన స్వింగ్ నిలవడం లేదని భావించి, 1985 నుంచి సుమారు రెండేళ్లు లెడ్‌బెటర్‌తో కలిసి దాన్ని కొత్తగా కట్టుకున్నాడు. ఆ మధ్యకాలంలో ఫలితాలు దిగజారాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఆఖరి రౌండ్‌లో 18 హోల్స్‌లోనూ పార్ చేసి బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. తర్వాత మరో అయిదు మేజర్లు వచ్చాయి. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్‌ను 12 స్ట్రోక్‌ల తేడాతో గెలిచి కూడా, కోచ్ బుచ్ హార్మన్‌తో స్వింగ్‌ను మార్చుకోవడం మొదలుపెట్టాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క విజయమే దక్కింది. 2000లో మూడు మేజర్లతో సహా తొమ్మిది గెలిచాడు.

ఇదే దారిలో నడిచి నష్టపోయినవాళ్ల పేర్లు ఇంత తరచుగా వినపడవు. 1991 ఓపెన్ విజేత ఇయాన్ బేకర్-ఫించ్ ఆ తర్వాత దూరం కోసం, మెరుగుదల కోసం స్వింగ్‌లో మార్పులు చేసుకుంటూ పోయి నమ్మకం పోగొట్టుకున్నాడు. 1997లో రాయల్ ట్రూన్‌లో జరిగిన ఓపెన్‌లో 92 కొట్టి తప్పుకున్నాడు. గెలిచినవాళ్ల కథలనే లెక్కలోకి తీసుకుంటే ఏ పద్ధతైనా గొప్పదిగానే కనిపిస్తుంది. పైగా ఫాల్డో, వుడ్స్‌లకు రోజంతా సాధన చేసే వీలుంది. వారానికి రెండు గంటలు దొరికే ఆటగాడు వాళ్ల దారిని నమూనాగా తీసుకుంటే దిగజారే దశలోనే ఇరుక్కుపోవచ్చు.

అసలు ముట్టుకోకూడదనే వాదానికి జిమ్ ఫ్యూరిక్ ఆధారం. బ్యాక్‌స్వింగ్‌లో క్లబ్ పైకి లేచి, గిరికీ కొట్టి కిందికి దిగే అతని స్వింగ్ ఏ పుస్తకంలోనూ కనిపించదు. అతను 2003 యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక పీజీఏ టూర్ రౌండ్‌లో 58 కొట్టాడు. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి, ఫ్యూరిక్ గురువు లేనివాడు కాదు. తండ్రే గురువు. స్వింగ్ వింతగా ఉన్నా తాకిడి నిలకడగా ఉందని గమనించి, దాన్ని మార్చకుండా కాపాడటమే ఆ గురువు చేసిన పని. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల స్వింగ్ కూడా పుస్తకాల్లో గీసినట్టుగా ఉండదు. వెన్నెముక పక్కకు వంగి ఉండటంతో శరీరం తనకు వీలైన దారిని తానే వెతుక్కుంది. ఆ స్వింగ్‌తోనే 2023లో నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేతగా నిలిచాడు.

ఇంతకీ పెద్ద షాట్ల మీద ఇంత శ్రమ అవసరమా అన్న అనుమానం పాతదే. పటింగ్, చిప్పింగ్ దిద్దుకుంటే చాలన్నది క్లబ్బుల్లో తరచుగా వినిపించే సలహా. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ స్ట్రోక్‌ల లెక్కలతో 2014లో ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’ రాసి ఈ నమ్మకాన్ని కదిలించారు. ఆటగాళ్ల స్కోర్ల మధ్య తేడాలో సుమారు మూడింట రెండు వంతులు 100 గజాలకు పైబడిన షాట్ల నుంచే వస్తోందని తేల్చారు. కాబట్టి స్వింగ్ మీద పెట్టే శ్రమ వృథా కాదు. ఎంత మార్చాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఎదురుగా నిలబడి చెప్పే పాఠంలో ఏముంది

ఫోన్ కెమెరా మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తే, ఒక్కో ఫ్రేముకూ మధ్య 33 మిల్లీసెకన్ల ఖాళీ ఉంటుంది. తాకిడి అర మిల్లీసెకను. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు తీసినా ఖాళీ నాలుగు మిల్లీసెకన్లకు తగ్గదు. స్వింగ్‌లో అసలు సంగతి జరిగే క్షణం వీడియోలో చాలాసార్లు పడదు. కెమెరాను ఒక అడుగు పక్కకు జరిపితే స్వింగ్ తలం వేరుగా కనిపిస్తుంది. లేని లోపం ఉన్నట్టు, ఉన్న లోపం లేనట్టు తోస్తుంది.

ఎదురుగా ఉన్న కోచ్‌కు ఇతర సాక్ష్యాలు దొరుకుతాయి. బంతి ఎగిరిన తీరు, తాకిన శబ్దం, తెగిన గడ్డి ముక్క ఎక్కడ మొదలై ఎటు చూస్తోందన్నది, పట్టుకున్న వేళ్ల బిగువు. పాదాలకు వాడే పౌడర్ స్ప్రే క్లబ్ ఫేస్ మీద కొడితే బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. డ్రైవర్‌లో ఆ మచ్చ మాటిమాటికీ మడమ వైపు (కర్రకు దగ్గరి అంచున) ఉంటే, స్లైస్‌కు కారణం స్వింగ్ దారి మాత్రమే కాకపోవచ్చు. మడమ దగ్గర తగలడం వల్ల కూడా బంతి కుడికి వంగుతుంది. బంతికి కాస్త దూరంగా నిలబడమనడమే అప్పుడు పాఠం కావచ్చు. కర్ర పొడవు, గ్రిప్ మందం ఆటగాడికి సరిపోవడం లేదన్నది కూడా ఎదుట చూస్తేనే త్వరగా దొరుకుతుంది.

పాఠాల ఫలితం మీద తరచుగా ఉదహరించే పరీక్ష 2002లో గ్వాడగ్నోలి బృందం ప్రచురించింది. 30 మంది గోల్ఫర్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు వీడియో సాయంతో కోచ్ పాఠం, రెండో జట్టుకు కోచ్ మాటలతోనే పాఠం, మూడో జట్టుకు సొంత సాధన. నాలుగు విడతలు, ఒక్కోటి 90 నిమిషాలు. శిక్షణ ముగిసిన వెంటనే 7 ఐరన్‌తో పరీక్షిస్తే, పాఠాలు విన్న రెండు జట్లూ సొంతంగా సాధన చేసినవాళ్లకన్నా వెనకబడ్డాయి. రెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే వరస తిరగబడింది. పాఠం విన్నవాళ్లు ముందుకొచ్చారు, వాళ్లలోనూ వీడియోతో నేర్చుకున్న జట్టు అందరికన్నా మెరుగ్గా నిలిచింది. పరీక్ష చిన్నదే. అయినా పాఠం అయిన రోజు బంతులను చూసి కోచ్‌ను అంచనా వేయడం ఎంత పొరపాటో చెప్పడానికి చాలు. మరో సంగతి, ఇక్కడ వీడియో గెలిచింది కోచ్ చేతిలో ఉన్నప్పుడు. ఒంటరిగా చూసుకునే వీడియో గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

ఎదురెదురు పాఠానికి దాని జబ్బులు దానికున్నాయి. గంటకు డబ్బు తీసుకున్న కోచ్ గంటంతా ఏదో ఒకటి చెప్పాలనుకుంటారు. ప్రతి షాట్ తర్వాతా దిద్దుబాటు అందుతూ ఉంటే నేర్చుకునేవాడు దాని మీద ఆధారపడిపోయి, అది ఆగగానే తడబడతాడని సల్మోనీ, ష్మిట్, వాల్టర్ 1984లోనే పరిశోధనలను సమీక్షించి హెచ్చరించారు. నియమాలు ఎక్కువగా వల్లెవేసి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడిలో ఎక్కువ తప్పుతారని రిచ్ మాస్టర్స్ 1992లో పటింగ్ మీద చేసిన ప్రయోగం సూచించింది. రేంజ్‌లోని చాప కూడా మోసం చేస్తుంది. క్లబ్ బంతికి ముందు నేలను తాకినా చాప మీద జారిపోయి షాట్ బాగానే పోతుంది, గడ్డి మీద అదే స్వింగ్ బంతిని పది గజాలు కూడా పంపదు.

మన దగ్గర

బ్రిటిష్ దీవుల వెలుపల అత్యంత పాత గోల్ఫ్ క్లబ్ 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా. అంత పాత చరిత్ర ఉన్నా మన దేశంలో మేటి ఆటగాళ్లు చాలామంది కోచ్‌ల నుంచి కాక కోర్సు పనివాళ్ల కుటుంబాల నుంచి, కేడీల (ఆటగాళ్ల కర్రల సంచి మోసేవాళ్ల) నుంచి వచ్చారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయుడు అలీ షేర్ కేడీగా మొదలైనవాడే. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తాలో గ్రీన్‌కీపర్. కొడుకు చూసి నేర్చుకుని 2016, 2017లలో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. చూపుతో నేర్చిన ఈ విద్య స్పృహ బాటకు బలమైన సాక్ష్యం. అయితే వాళ్లు చిన్నప్పుడే, రోజంతా కోర్సు మీద ఉండి నేర్చుకున్నారు.

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా ఆవరణలోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ ఊరి పబ్లిక్ కోర్సులోనో నలభై ఏళ్లు దాటాక ఆట మొదలుపెట్టేవాళ్ల పరిస్థితి వేరు. వీళ్లలో చాలామంది చేయి క్రికెట్ బ్యాట్‌కు అలవాటుపడింది. కదిలే బంతిని చూసి స్పందించడం ఒకటి, కదలని బంతి చుట్టూ సొంతంగా లయ సృష్టించుకోవడం మరొకటి. మొదటిది వచ్చిన చేతికి రెండోది దానంతట అది రాదు. వీళ్లకు గ్రిప్, నిలబడే తీరు చూసే మనిషి మొదటి నెలల్లోనే దొరికితే, తర్వాత పునర్నిర్మాణం అవసరం పడకపోవచ్చు. 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ కూడా ఏటా సీజన్ మొదట్లో చిన్ననాటి గురువు జాక్ గ్రౌట్ దగ్గర మౌలికాంశాలు మళ్లీ చూపించుకునేవాడు.

తేలినవి, తేలనివి

కొన్ని విషయాలు ఇప్పుడు వివాదం దాటాయి. బంతి గమనానికి కారణాలు తెలిసిపోయాయి. వాటిని తెలియని కోచ్ తప్పు మందిస్తారు. అందరికీ ఒకే స్వింగ్ అన్న వాదానికి ఆధారం లేదు. చాలా మార్పులకు వెనకడుగు వేసే దశ ఒకటి ఉంటుంది, దాన్ని వైఫల్యమని పొరబడకూడదు.

మిగిలిన వాటిలో మొదటిది ధ్యాస ఎక్కడ ఉండాలన్నది. చేతుల మీద కాక క్లబ్ ఊగడం మీద ధ్యాస పెట్టిన కొత్తవాళ్లు పిచ్ షాట్లు మెరుగ్గా నేర్చుకున్నారని గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1999లో చూపింది. తర్వాత ఎన్నో ప్రయోగాలు దీన్ని సమర్థించినా, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయేమో అన్న అనుమానాన్ని ఇటీవలి సమీక్షలు లేవనెత్తాయి. రెండోది సాధన తీరు. ఒకే క్లబ్‌తో యాభై బంతులు కొట్టడం కన్నా క్లబ్, లక్ష్యం మారుస్తూ కొట్టడం ఎక్కువ కాలం నిలుస్తుందని షియా, మోర్గాన్‌ల 1979 ప్రయోగం నుంచి వచ్చిన ఆలోచన. అది ప్రయోగశాలలో చేతి కదలికల మీద చేసినది. పాత స్వింగ్ మరిపించి కొత్తది కట్టే దశకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది చర్చలోనే ఉంది. మూడోది దూరపాఠం. వీడియో పంపి జవాబు తెప్పించుకునే పద్ధతి ఎదురెదురు పాఠానికి ప్రత్యామ్నాయమా, లేక రెండు పాఠాల మధ్య అనుబంధమా అన్న వాదన నడుస్తోంది. ఇప్పటివరకు కనిపిస్తున్న తర్కం రెండోదాని వైపే మొగ్గుతుంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే, దెబ్బతిన్న స్వింగ్‌తో కోచ్ దగ్గరికి వెళ్లడం సమంజసమే. ఎంచుకోవాల్సింది మాత్రం కోచ్ అనుసరించే సిద్ధాంతాన్ని బట్టి కాదు. బంతులు కొట్టించి చూడకముందే మందు చెప్పేవారికన్నా, చూశాక ఒకటి మాత్రమే మార్చి, మిగతావి ఎందుకు వదిలేస్తున్నారో చెప్పగలిగేవారు మేలు. మొదటి రోజే మూడు మాటలు అడగవచ్చు: ఏది మారుస్తున్నారు, అది పనిచేసిందని దేన్ని చూసి తెలుసుకోవాలి, మళ్లీ ఎన్నాళ్లకు చూస్తారు. వీటికి సూటిగా జవాబు చెప్పే కోచ్ ఏ బాటకు చెందినవారైనా ఫరవాలేదు. జవాబు లేకపోతే ఎంత ఖరీదైన రాడార్ పక్కన ఉన్నా ఆ గంట వృథా.